నూనె రబ్బరు, ఎండ రబ్బరు

రబ్బరు ముందువైపు రోలరుకి చుట్టుకునేదాకా అబ్దెల్ తవ్వాబ్ ఎవరితోనూ మాట్లాడడు. రెండు ఇనుప రోలర్లు ఎదురెదురుగా తిరుగుతూ ముద్దని సందులోకి లాక్కుంటూ ఉంటాయి. మొదట్లో రబ్బరు మొండికేస్తుంది. తునకలై కింద ట్రేలో రాలుతుంది. తవ్వాబ్ వంగి ఆ తునకలు ఏరి మళ్ళీ పైన వేస్తాడు. వేయగా వేయగా అది వేడెక్కి, మెత్తబడి, ముందు రోలరుని దుప్పటిలా కప్పేస్తుంది. అప్పుడు కుడిచేత్తో కత్తి పెట్టి అడ్డంగా కోస్తాడు. ఊడి వచ్చిన అంచుని ఎడమచేత్తో అందుకుని, మడిచి, తిరిగి సందులోకి పంపిస్తాడు. కొయ్యడం, మడవడం, పంపడం. తనకి జీతం ఇచ్చేది ఈ మూడు పనులకేనని అతనే చెప్పుకుంటాడు.

ఈవేళ మడత దగ్గర తేడా వచ్చింది. ఎడమచెయ్యి అంచుని పట్టుకుంది గానీ, పట్టుకున్న సంగతి అతనికి తెలియలేదు. రబ్బరు వేళ్ళలోంచి జారి ట్రేలో పడింది. తవ్వాబ్ తలెత్తి ఎదురుగా చూశాడు. ఆ రోలర్ల మిల్లుకి అవతలి వైపు త్రాసు దగ్గర లబీబ్ రబ్బరులో కలిపే మసి తూస్తున్నాడు. చూసినట్టు లేడు. తవ్వాబ్ పడ్డ ముక్కని కుడిచేత్తో తీసి, ఏమీ జరగనట్టు పైన వేశాడు.

బయట ఎడారి ఇసుకని మోసుకొచ్చే ఖమాసీన్ గాలి కొడుతోంది. కైరో మీద ఆకాశం శనగపిండి రంగుకి తిరిగింది. హాలు కిటికీలన్నీ మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కారు. ఇసుక రేణువు ఒక్కటి రబ్బరులో పడినా తర్వాత సాగదీసినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. దుమ్ము లేస్తుందని ఫ్యాను కూడా ఆపేశారు. రోలర్ల వేడీ, మూసిన గది వేడీ కలిసి హాలు ఆవిరిస్నానాల హమ్మాంలా తయారైంది. ఇద్దరి నీలం కోట్లూ వీపు మీద అంటుకుపోయాయి.

తవ్వాబ్ పొట్టి మనిషి. మెడ ఉందా అని వెతుక్కోవాలి. భుజాలు మాత్రం తలుపంత వెడల్పు. మీసం తెల్లబడింది గానీ చేతులు ఇంకా నల్లగానే ఉంటాయి. మసి అరచేతి గీతల్లో ఇంకిపోయి, ఏ సబ్బుకీ లొంగదు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి శ్రమ తగ్గించావురా అని లబీబ్ ఏడిపిస్తాడు. లబీబ్ పొడుగు, సన్నం. మణికట్టు మీద చిన్నప్పుడు పొడిపించుకున్న శిలువ పచ్చబొట్టు, ముక్కు మీద దారం కట్టిన కళ్ళద్దాలు. వీళ్ళిద్దరూ పెళ్ళికి ముందునుంచీ ఈ మిల్లుకి అటూ ఇటూ నిలబడి పనిచేస్తున్నారు. ఒకరి ఇంట్లో ఏ రోజు ఏం వండారో రెండో వాడికి తెలుసు. ఇప్పుడు లబీబ్‌కి ఈస్టరు పండగ ముందటి ఉపవాసాలు, మాంసం గుడ్డూ పాలూ ఏమీ ముట్టడు. ఇంకా ఎన్నాళ్ళురా ఈ గడ్డి మేత అని తవ్వాబ్ రోజూ ఒకసారి అడగందే పని మొదలుపెట్టడు. ఈ పొద్దున అడగలేదు. లబీబ్ ఆ సంగతి గమనించాడు.

వాళ్ళు కలుపుతున్నది ఆ సంస్థలో పరిశోధన చేసే డాక్టర్ ఇల్హామ్ గారి రబ్బరు. పొలాల్లో నీళ్ళు తోడే డీజిల్ పంపుకి ఒక సీలు కావాలి. ఆ సీలుకి లోపలి వైపు నూనె తగులుతుంది, బయటి వైపు ఎండ. నూనెకి లొంగని రబ్బరు ఒకటుంది, అది ఎండలో పగుళ్ళిస్తుంది. ఎండకి లొంగని రబ్బరు ఇంకొకటుంది, అది నూనెలో ఉబ్బిపోతుంది. వాటి అసలు పేర్లు పలకడానికి నోరు తిరగదు కాబట్టి హాల్లో నూనె రబ్బరు, ఎండ రబ్బరు అంటారు. రెంటినీ కలిపి ఒకటి చేస్తే రైతుకి దిగులుండదని డాక్టర్ ఇల్హామ్ ఆలోచన. ఆలోచనకేం, బంగారంలా ఉంది. ఆ రెండూ మాత్రం ఒకదాని మొహం ఒకటి చూడవు. మిల్లు మీద కలిసినట్టే కనిపిస్తాయి. కోబాల్ట్ గదిలో కిరణాలు పట్టించి, పోగుకీ పోగుకీ ముడి పడేలా బిగించాక కూడా బుద్ధిగానే ఉంటాయి. తీరా యంత్రంలో పెట్టి లాగితే, రెండూ ఆనుకున్న చోటే పుటుక్కున తెగుతాయి. చలికాలంలో ఒకసారి తెగింది. మొన్నామధ్య మళ్ళీ తెగింది.

అందుకే ఈసారి ఆమె మధ్యవర్తిని తెప్పించింది. చూడ్డానికి పాలరంగు గింజలు. ఒక కొస నూనె రబ్బరుకి నచ్చుతుందట, రెండో కొస ఎండ రబ్బరుకి నచ్చుతుందట. మధ్యలో దూరి రెంటినీ చెరో చేత్తో పట్టుకుంటుందట. ఆమె ఇదంతా చెబుతుంటే తవ్వాబ్ శ్రద్ధగా విని, అంటే ఉమ్ రగబ్ అన్నమాట అన్నాడు. ఆ రోజునుంచి డబ్బా మీద ఏం రాసి ఉన్నా దాని పేరు ఉమ్ రగబే. ఒకసారి పెద్దవాళ్ళ సభలో డాక్టర్ ఇల్హామ్ కూడా పొరపాటున అదే పేరు అనేసి, తర్వాత తనే చాలాసేపు నవ్వుకుంది.

ఉమ్ రగబ్ తవ్వాబ్ ఉండే మతరియా పేటలో పెళ్లిళ్ల పేరమ్మ. తవ్వాబ్ కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఏ తల్లీ అతనికి పిల్లనివ్వలేదు. కిరణాల మీద పరిశోధన చేసే ఆ సంస్థని జనం అణు ఆఫీసు అనేవారు. అక్కడ పనిచేసేవాడికి సంతానం కలగదనీ, చీకట్లో ఒళ్ళు మెరుస్తుందనీ చెప్పుకునేవారు. కిరణాలు పట్టించిన రబ్బరు మామూలు రబ్బరేనమ్మా, దానిలో ఏమీ మిగలదు అని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. చివరికి ఉమ్ రగబ్ ఇన్సాఫ్ వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి, కుర్రాడు టైర్లు చేస్తాడని చెప్పి సంబంధం ఖాయం చేసింది. పెళ్ళయ్యాక నిజం బయటపడింది. ఇన్సాఫ్ ఏడవలేదు, పుట్టింటికి వెళ్ళలేదు. రోజూ సాయంత్రం మొగుణ్ణి మేడ మీదే నిలబెట్టి, నెత్తిన బకెట్లు గుమ్మరించి, ఆ తర్వాతే ఇంట్లోకి రానిచ్చేది. పిల్ల పుట్టడం ఆలస్యమైతే వీధంతా వేలెత్తి చూపింది. చాలా ఏళ్ళకి నజ్లా పుట్టినప్పుడు తవ్వాబ్ ఆ పసిదాన్ని గుడ్డలో చుట్టుకుని, మెట్ల మీద తలుపు తలుపుకీ వెళ్ళి చూపించి వచ్చాడు. పట్టుకుని చూడండి, మెరుస్తోందేమో చెప్పండి అన్నాడట. అతని జీవితంలో అతను చేసిన పెద్ద ఆర్భాటం అదొక్కటే. ఇప్పుడు నజ్లా సూయెజ్‌లో కాపురముంది, ఇద్దరు పిల్లల తల్లి.

నూనె రబ్బరు దారికొచ్చింది. ఇక ఎండ రబ్బరు వెయ్యాలి. తవ్వాబ్ రెండోసారి అంచు అందుకోబోయాడు. ఈసారి చెయ్యి అందుకోవడమే కాదు, వదలడం కూడా మరిచిపోయింది. రబ్బరుతోపాటు సందు వైపుకి సాగింది. అతను ఒళ్ళంతా వెనక్కి విసిరి చెయ్యి లాక్కున్నాడు. అదే క్షణంలో లబీబ్ తలమీదుగా ఉన్న ఆపే కడ్డీని కిందికి లాగాడు. రోలర్లు ఒక మూలుగు మూలిగి నిలిచిపోయాయి.

లబీబ్ చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు.

"చెయ్యి చూపించు."

"ఏ చెయ్యి?"

"ఏ చెయ్యో నీకు తెలుసులేరా."

తవ్వాబ్ ఎడమచెయ్యి చాపాడు. లబీబ్ చిటికెనవేలు పట్టుకుని గట్టిగా గిల్లి, తెలిసిందా అని అడిగాడు.

"తెలియాలంటే ముందు నీకు గోళ్ళుండాలి కదా. ఆ గడ్డి తిని తిని అవి కూడా ఊడిపోయాయి."

లబీబ్ నవ్వలేదు. ఎన్నాళ్ళుగా అని అడిగాడు. నిన్నటినుంచే, నిద్రలో ఒంటి కింద పడి నలిగిందన్నాడు తవ్వాబ్. అది నిజం కాదు. వారం పైనే అయింది. మొదట మెట్లెక్కినప్పుడు భుజం లాగేది. తర్వాత మోచేతిదాకా బరువెక్కడం మొదలైంది. ఇప్పుడు వేళ్ళు పరాయివాడివిలా ఉన్నాయి. ఇన్సాఫ్‌కి కూడా చెప్పలేదు. చెబితే ఆమె ఆ పూటే గేటు దగ్గరికొచ్చి అందరికీ చెబుతుంది.

ఎందుకు చెప్పలేదో లబీబ్‌కి వివరించనక్కర్లేదు. మిల్లు దగ్గర ఎవరూ రాసిపెట్టని నియమం ఒకటుంది. చెయ్యి మాట విననివాడు రోలర్ల ముందు నిలబడకూడదు. వాడంతట వాడు చెప్పకపోతే పక్కవాడు వెళ్ళి చెప్పాలి. వీళ్ళతోపాటు మిల్లు మీద పనిచేసిన షహాతా వేళ్ళు వణకడం మొదలైనప్పుడు వీళ్ళిద్దరే హాలు చూసుకునే ఇంజనీరు షాకిర్ దగ్గరికెళ్ళి చెప్పారు. ఇంజనీరు మంచివాడు. జీతం తగ్గించకుండా షహాతాని గేటు దగ్గర కుర్చీలో వేశాడు, వచ్చేపోయేవాళ్ళని చూసుకోమని. మిల్లు ముందు ఏనుగులా ఉండే మనిషి ఆ కుర్చీలో ఏడాది తిరిగేసరికి సగమయ్యాడు.

"ఇంజనీరుకి చెప్పాల్రా," అన్నాడు లబీబ్ నెమ్మదిగా. "షహాతాకి చెప్పాం. చెప్పబట్టే వాడికి పదివేళ్ళూ ఉన్నాయి."

"ఉన్నాయి. ఆ పదివేళ్ళతో పొద్దస్తమానం జపమాల తిప్పుకుంటున్నాడు. మనం పలకరిస్తే మొహం తిప్పుకుంటున్నాడు. నన్నా కుర్చీలో కూచోబెట్టకు లబీబూ. ఇంట్లో కూచోమను, కూచుంటాను. గేటు దగ్గర మాత్రం వద్దు. రోజూ పొద్దున్నే మిల్లు చప్పుడు వింటూ కూచోలేను."

లబీబ్ కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు. తుడుచుకున్నకొద్దీ మసి ఇంకా అంటుకుంది. కోబాల్ట్ గదిలో ఈ మధ్యాహ్నం డాక్టర్ ఇల్హామ్‌కి వంతు ఉంది. ఆ వంతు పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒంటరిగా మిల్లు తిప్పడం లబీబ్ వల్ల కాదు, అతనిది తూకం చెయ్యి. ఇవన్నీ లెక్కేసుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. ఈవేళ ఈ ముద్ద పూర్తి చేద్దాం. నువ్వు కుడిచేత్తోనే పనిచెయ్యి. మడత నేను పైనుంచి కర్రతో అందిస్తాను. నా రెండో చెయ్యి కడ్డీ మీదినుంచి తియ్యను. రేపు పొద్దున మాత్రం నువ్వు చెబుతావా, నేను చెప్పనా, అది నీ ఇష్టం.

"రేపటి సంగతి రేపు," అన్నాడు తవ్వాబ్.

"రేపటి సంగతి ఇవాళే. ఊ అను."

తవ్వాబ్ ఊ అన్నాడు.

రోలర్లు మళ్ళీ తిరిగాయి. అలా పనిచెయ్యడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. లబీబ్ పొడుగాటి ఒళ్ళు మిల్లు మీదికి వంచి, కుడిచేత్తో చెక్కకర్ర, ఎడమచేత్తో తల మీది కడ్డీ పట్టుకుని, జెండా కర్రలా నిలబడ్డాడు. అతని చూపు తవ్వాబ్ ఎడమచేతి మీదినుంచి కదల్లేదు. ఆ చెయ్యి రోలరు వైపు కాస్త కదిలినా అతని వేళ్ళు కడ్డీ మీద బిగుసుకునేవి. తవ్వాబ్ దాన్ని కోటు జేబులో పెట్టుకుని ఒంటిచేత్తో కోస్తూ, తోస్తూ, మోకాలితో ట్రే జరుపుతూ సాగించాడు. మసి వేశారు. ముద్ద నల్లబడింది. ఎండ రబ్బరు వేసేసరికి ఎప్పటిలాగే రెండూ గొడవపడ్డాయి. రోలరు మీది దుప్పటి చిల్లులు పడి, అంచులు పీలికలై వేలాడింది.

తవ్వాబ్ పాలరంగు గింజలున్న గిన్నె అందుకున్నాడు. ఆ గింజలు వేసేటప్పుడు అనాలని అతను దాచుకున్న మాట ఒకటుంది. "నీ అబద్ధం నువ్వు చెప్పవే తల్లీ, కాపురం నిలబెట్టు," అన్నాడు, గిన్నె వంచుతూ.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత చిల్లులు ఒక్కొక్కటే పూడుకున్నాయి. అంచులు నిటారుగా వచ్చాయి. దుప్పటి నున్నగా, తడి రాయిలా మెరుస్తూ రోలరు చుట్టూ తిరగసాగింది. ఇద్దరూ పని మరిచిపోయి చూశారు. ఇన్నేళ్ళలో ఎన్నో ముద్దలు కలిపారు గానీ ఇంత తేటగా కలిసినది చూడలేదు. తవ్వాబ్ వేలి వెనకవైపుతో దాన్ని తాకి, నజ్లా నుదురులా ఉందిరా అన్నాడు. ఆ మాట ఎందుకొచ్చిందో అతనికే తెలియదు. లబీబ్ మాత్రం కడ్డీ వదల్లేదు.

రోలరు మీది రబ్బరుని పలకగా కోసి బల్ల మీద పరిచేసరికి తవ్వాబ్ మొహం పాలిపోయి, చెమట మీసంలోంచి కారుతోంది. లబీబ్ మొహమూ అలాగే కారుతోంది, ఈ గాలికి ఎవరి మొహం కారదు? దవడ లాగుతోందన్నాడు తవ్వాబ్, ఎడమవైపు, కింది పళ్ళ దగ్గర. లబీబ్ జేబులోంచి లవంగం తీసిచ్చి పంటికింద పెట్టుకోమన్నాడు. అతను పెట్టుకున్నాడు. తగ్గిందా అంటే తగ్గిందన్నాడు.

భోజనాల వేళ ఇన్సాఫ్ కట్టిచ్చిన రొట్టే, చిక్కుడుగింజల ఫూలూ, ఉడికించిన గుడ్లూ విప్పాడు గానీ ఒక ముక్క తుంచి మళ్ళీ మూటగట్టేశాడు. తన ఉపవాసం చూసి మొహమాటపడుతున్నాడేమోనని లబీబ్ అనుకున్నాడు. నా ముందు తినడానికి సిగ్గెందుకురా, ఇన్నేళ్ళూ లేని సిగ్గు అన్నాడు. తవ్వాబ్ టీ గ్లాసు మాత్రం తాగాడు, నాలుగు చెంచాల చక్కెరతో. తాగుతూ, బల్ల మీది పలక వైపే చూస్తూ కూచున్నాడు.

డాక్టర్ ఇల్హామ్ వచ్చింది. బొద్దుగా, ఎప్పుడూ పరుగులో ఉండే మనిషి. తలగుడ్డ మీద కూడా పసుపుపచ్చ దుమ్ము. ఆమె పలక అంచు పట్టుకుని వంచింది, నలిపింది, గోటితో గీరింది, వెలుతురుకి పెట్టింది.  ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ముగ్గురూ కలిసి దాన్ని వేడి ప్రెస్సులో పెట్టి పలచటి బిళ్ళలుగా నొక్కారు. ప్రెస్సు చక్రం తిప్పడం తవ్వాబ్ పని. అతను లేవబోయేలోపే లబీబ్ వెళ్ళి తిప్పేశాడు.

కోబాల్ట్ గది వెనక భవనంలో ఉంది. బిళ్ళలు అక్కడి మనిషికి అప్పజెప్పారు. మందపాటి తలుపు మూసుకుంది, పైన ఎర్రదీపం వెలిగింది. ఇక రాత్రంతా, రేపంతా అవి ఆ గదిలో ఉంటాయి. లోపల నీటి అడుగునుంచి లేచే ఆ కోబాల్ట్ కడ్డీలని తవ్వాబ్ ఎప్పుడూ చూడలేదు, చూడాలని అనుకోలేదు కూడా. బయట బెంచీ మీద కూలబడి గోడకి తల ఆనించాడు.

"తవ్వాబ్ మావయ్యా, ఒంట్లో బాగుందా?" అని అడిగింది డాక్టర్ ఇల్హామ్.

"గాలమ్మా. ఈ గాలికి రాళ్ళు కూడా నీరసపడతాయి."

ఆమె అతని మొహంలోకి చూసింది. చెయ్యి సంగతి కనిపెట్టిందేమోనని తవ్వాబ్‌కి అనుమానమొచ్చింది. జేబులోంచి ఎడమచెయ్యి తీసి, ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కుడిచెయ్యి వేసుకున్నాడు, మామూలుగా కూచున్నవాడిలా. లబీబ్ పక్కనే ఉన్నాడు. ఆ క్షణాన లబీబ్ నోరు తెరిస్తే ఆమె ఫోను చేసేది, కారు తెప్పించేది. అతను తెరవలేదు. రేపు అని మాటిచ్చాడు, రేపు ఇంకా రాలేదు. అదీగాక చెయ్యి ఇప్పుడు రోలర్లకి దూరంగా ఉంది కదా, ఇక భయమేముంది అనుకున్నాడు. ఆ హాల్లో పనిచేసినవాడు తప్ప లోకంలో ఇంకెవరూ అలా అనుకోరు. మిల్లువాడికి చెయ్యంటే వేళ్ళు, ప్రమాదమంటే రోలర్లు. ఆ చెయ్యి వెనకాల ఒక మనిషి ఉన్నాడనీ, ఆ మనిషిలో ఇంకేవో కూడా ఉంటాయనీ వాళ్ళకి తోచదు. నాకు ఆ లబీబ్ మీద కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది. రోజంతా అతను ఎంత జాగ్రత్తగా కాపలా కాశాడో తలుచుకుంటే జాలే ఎక్కువ.

ఉద్యోగుల బస్సులో ఎప్పటిలాగే ఇద్దరూ ఒకే సీట్లో కూచున్నారు. తవ్వాబ్ కిటికీ వైపు. అద్దానికి అవతల రోడ్డూ చెట్లూ మనుషులూ అంతా ఒకే రంగు. బస్సు బయల్దేరాక తవ్వాబ్ ఉన్నట్టుండి మాట్లాడాడు.

"నున్నగా వచ్చింది కదరా?"

"వచ్చింది."

"ఈసారి తెగదు."

"తెగదులే. పడుకో."

"రేపు నేనే చెబుతాను ఇంజనీరుకి. నువ్వు చెప్పొద్దు. నా నోటితో చెబితే మర్యాదగా ఉంటుంది."

లబీబ్ సరేనన్నాడు. కాసేపటికి తవ్వాబ్ తల వాలిపోయి అతని భుజం మీద ఆగింది. బరువైన తల. లబీబ్ కదలకుండా కూచున్నాడు. ఇంజనీరుతో తను కూడా ఏమనాలో మనసులో కూర్చుకున్నాడు. గేటు దగ్గర వద్దు బాబూ, సామాన్ల గదిలో వెయ్యండి, రబ్బరు వాసనయినా ఉంటుంది. ఆ మాట అతనికే నచ్చింది. రెండుసార్లు పెదాలు కదుపుతూ అనుకున్నాడు.

అయిన్ షమ్స్ దగ్గర లబీబ్ దిగే చోటు వచ్చింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, లబీబన్నా దిగవా అన్నాడు. లబీబ్ పెదాల మీద వేలు పెట్టి, పోనివ్వమని సైగ చేశాడు. నిద్ర లేపడం ఎందుకు, మతరియాదాకా వెళ్ళి వెనక్కి వస్తే సరిపోతుంది. బస్సు కదిలింది. గతుకుల్లో తవ్వాబ్ ఎడమచెయ్యి ఒళ్ళోంచి జారి సీటు పక్కకి వేలాడింది. అలవాటుకొద్దీ లబీబ్ దాన్ని పట్టుకుని తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టాడు. చల్లగా ఉంది. ఇంత ఉక్కలో చెయ్యి ఇంత చల్లగా ఎందుకుందా అని ఆశ్చర్యపోయాడు. మతరియా వచ్చింది. అందరూ దిగారు. లబీబ్ మాత్రం ఆ చెయ్యి అలాగే పట్టుకుని, ఒరేయ్ తవ్వాబూ, ఇల్లొచ్చిందిరా అని పిలుస్తూ కూచున్నాడు. చివరికి డ్రైవరు వచ్చి అతని భుజం తట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం నమాజు అయ్యాక ఖననం జరిగింది. గాలి ఆగింది. మూడు రాత్రులు వీధిలో కట్టిన గుడారంలో కుర్చీలు వేసి, ఖురాన్ చదివించారు. లబీబ్ మూడు రాత్రులూ ఇంటివాడిలా గుడారం వాకిట్లో నిలబడి, వచ్చినవాళ్ళ చేతులు పట్టుకున్నాడు. ఆఖరి రోజు ఇన్సాఫ్ అతన్ని పైకి పిలిపించింది. ఆవిడ నల్లబట్టల్లో, మొహం కడిగిన పలకలా పెట్టుకుని కూచుంది. నజ్లా పక్కనే ఉంది.

"గుండెపోటన్నారు డాక్టర్లు. చెయ్యి తిమ్మిరీ, దవడ నొప్పీ ముందే ఉండి ఉంటాయన్నారు. మా ఆయన ఏమైనా చెప్పాడా లబీబన్నా?"

లబీబ్ దాచలేదు. గిల్లి చూసిన సంగతీ, ఒప్పందమూ, లవంగమూ అన్నీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"వాడి వేళ్ళు నలుగుతాయేమోనని చూశానమ్మా. పొద్దుటినుంచీ కడ్డీ మీద చెయ్యి తియ్యలేదు. ఒక్క వేలు కూడా పోనివ్వలేదు. అంతే చూశాను. ఇంకేం చూడలేదు."

ఇన్సాఫ్ తిడుతుందనుకున్నాడు లబీబ్. తిడితే బాగుండును అనుకున్నాడు.

"నా పక్కలో పడుకుని నాకే చెప్పలేదు," అంది ఆవిడ. "నువ్వేం చేస్తావు? వేళ్ళయితే అన్నీ ఉన్నాయి. స్నానం చేయించినవాళ్ళు చెప్పారు. అంత కడిగినా నలుపు పోలేదట." ఆ తర్వాత అతనికి టీ పెట్టమని నజ్లాకి చెప్పింది.

ఇంకో వారానికి డాక్టర్ ఇల్హామ్ బీరువాలో పెట్టిన ఆ బిళ్ళలు బయటికి తీసింది. కోబాల్ట్ గదిలోంచి వచ్చినప్పటినుంచీ వాటికి విశ్రాంతి ఇచ్చింది, ఇప్పుడు డమరుకం ఆకారపు అచ్చుతో పట్టీలు కత్తిరించింది. మామూలుగా అయిదు పట్టీలు లాగి చూస్తారు. దేన్లోనైనా లోపముంటే పనికొస్తుందని ఒకటి ఎక్కువ కత్తిరిస్తారు. లాగే యంత్రం ఉన్న గదికి లబీబ్ రానక్కర్లేదు. అయినా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. హాల్లో మిల్లు ఆగిపోయి ఉంది, కొత్త మనిషిని ఇంకా వెయ్యలేదు.

ఆమె మొదటి పట్టీని యంత్రం రెండు దవడల మధ్య బిగించి మీట నొక్కింది. పై దవడ లేవసాగింది. పాత పట్టీలు తెగిన పొడుగు దాటింది. రెట్టింపైంది. లబీబ్ చెయ్యి తనకి తెలియకుండానే తలపైకి లేచి, అక్కడ లేని కడ్డీ కోసం వెతికింది. పట్టీ ఇంకా సాగింది, సన్నబడింది, ఆ సన్నదనంలోనే గట్టిగా నిలబడింది. ఎంతోసేపటికి టప్పుమని తెగింది. డాక్టర్ ఇల్హామ్ తెగిన కొసలు భూతద్దం కింద పెట్టి చూసింది. విడిపోయిన జాడ లేదు. రెండు రబ్బర్లూ కలిసే తెగాయి.

"కలిశాయి మావయ్యా," అంది ఆమె. అని, కుర్చీలో కూచుని కళ్ళు తుడుచుకుంది.

మిగతావీ అలాగే వచ్చాయి. అంకెల్లో పెద్ద తేడా లేదు. అయిదోది తెగాక లబీబ్ దగ్గరికి వచ్చి, ఆరోది కూడా పెట్టమంటారా అని అడిగాడు. అడిగాడే గానీ, పెట్టమంటుందేమోనని ఆ పట్టీ మీద చెయ్యి వేసి ఉంచాడు.

"వద్దులే మావయ్యా. అయిదు చాలు."

ఆమె యంత్రం ఆపేసి, కాగితాలు తీసుకుని మేడ మీదికి వెళ్ళింది. లబీబ్ తెగిన ముక్కల్ని చెత్తడబ్బాలో వేశాడు, దీపం ఆర్పాడు, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. బల్ల మీద తెల్ల కాగితం, ఆ కాగితం మీద అరచేతి పొడుగున్న నల్లటి పట్టీ, ఎవరూ లాగనిది, మిగిలి ఉంది.